యోహాను సిద్ధపాటు

"మెల్లగా తుడువే, చర్మం ఊడొస్తాండాది" అన్నాడు యోహాను.

దీవెనమ్మ మెల్లగానే తుడుస్తోంది. లివరు చెడి, పొట్ట ఉబ్బి, వీపంతా పుండ్లు పడిన మనిషిని అంతకంటే మెల్లగా తుడవడం ఎవరి తరమూ కాదు. పగలంతా ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమి, పెనుకొండలో బస్సు దిగి ఇంటికొచ్చాక, చీరైనా మార్చుకోకుండా ఆమె చేసే మొదటి పని ఇదే. అత్త యల్లక్క కొడుకు తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతుంది. దుప్పటి మార్చే వేళకు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోతుంది. "నా కొడుకును నేనే కనిపెట్టుకోనుండా. అదేమో డ్యూటీ అంటాది, పోతాది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

ధర్మవరం ఆస్పత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాకే యోహానుకు దేవుడు గుర్తొచ్చాడు. సంఘంవాళ్లు కుర్చీలో మోసుకుపోయి బాప్తిస్మం ఇప్పించారు. అప్పట్నుంచి వీధిలో ఒకటే మాట, యోహాను సిద్ధపడినాడు, దీపంలో నూనె పోసుకున్నాడు, పెండ్లికొడుకులాగా ప్రభువు ఎప్పుడొచ్చినా వెంట పోతాడు అని. దీవెనమ్మకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఒకప్పుడు గోడ అవతల దెబ్బల చప్పుడు వినబడితే టీవీ సౌండు పెంచుకున్న ఆడవాళ్లే, ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ఆమె దేవుణ్ణి నమ్మనిదేం కాదు. బాధపడిన ప్రతిసారీ ఆయనతోనే చెప్పుకుంది. ఆ మాటలన్నీ విన్నవాడు, కొట్టినవాడికి ఇంత త్వరగా తలుపు ఎట్లా తీశాడో ఆమెకు అంతుబట్టడం లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య, సంఘపెద్దలు రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని ఇంటికొచ్చారు. హిందూపురంలో డిగ్రీ చదువుతున్న కూతురు యామిని చాప పరిచి, గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, మా సంఘంలో తమ్ముడు యోహాను దేవునితో సమాధానపడినాడు. ఇంగ నీ ఒక్క మాటే మిగిలిండాది. అందరి ముందర క్షమించినానని చెప్పు, నెమ్మదిగా పోతాడు" అన్నాడు పాస్టరయ్య.

"అనేయవే! నోటిమాటే గదా, నీదేం పోతాది?" అంది యల్లక్క.

దీవెనమ్మ చేతిలోని తడిగుడ్డ పిండి బకెట్టు అంచున ఆరేసింది. యోహాను వైపు తిరిగింది.

"దేన్ని క్షమించాలి?"

"అన్నిట్నీ" అన్నాడు యోహాను.

"అన్నీ అంటే ఏంది? ఒక్కటి చెప్పు."

అతని పచ్చబడిన కళ్లు పైకప్పు వైపు పోయాయి. "తాగినా. తాగి కొట్టింటా. ప్రభువు దగ్గర ఒప్పుకున్యా గదా."

"మాయమ్మ తాడిమర్రిలో సచ్చిపోయిన పొద్దు నువ్వు తాగిలేవు. ఆడికి పోతే మాపటికి రావు, వంటెవరు చేస్తారని, నన్ను లోపల పెట్టి బీగమేసుకొని పోయినావు. నువ్వొచ్చి తలుపు తీసేతలికి మాయమ్మను మట్టి చేసేసినారు. అది ఒప్పుకున్యావా?"

యోహాను ఆమె వైపు తల తిప్పాడు. "అట్ల చేసినానా?" అన్నాడు.

ఆ అడగడంలో అబద్ధం లేదు. నిజంగానే అతనికి గుర్తు లేదు. ఇన్నేళ్లూ ఆమె గుండెలో రాయిలా కూర్చున్న రోజు, అతనికి ఏదో ఒక మామూలు రోజు. కొట్టిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు అనిపించింది దీవెనమ్మకు.

"పాతవి తవ్వొద్దమ్మా. దేవుడే క్షమించినాడు. ఆయనకంటే పెద్దదానివా నువ్వు?" పాస్టరయ్య గొంతు పెరిగింది.

"పెద్దదాన్ని కాదయ్యా. దెబ్బలు తినిందాన్ని. దేవునికి తెచ్చిన కానుక ఆడ్నే పెట్టి, ముందు పోయి ఎవరికి తప్పు చేసినావో వాళ్లతో సమాధానపడమని మీరే గదా చెప్పింది? ఈయప్ప ముందు ఆయన దగ్గరికే పోయినాడు. ఆయన కూడా నన్నడక్కుండానే క్షమించినాడు. అట్లే నన్నడక్కుండానే పిల్చుకపోనీండి. మధ్యలో నా సంతకమెందుకు?"

పాస్టరయ్యా, పెద్దలూ రొట్టె విరిచి యోహానుకు ఇచ్చి, ఆమె చేతికివ్వకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే యోహాను పోయాడు. కడదాకా దీవెనమ్మే తుడిచింది, దుప్పట్లు మార్చింది, నోట్లో గంజి పోసింది. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. సమాధి దగ్గర పాస్టరయ్య, కొందరు గుండెల్ని బండరాళ్లు చేసుకుంటారని చెబుతుంటే తలలన్నీ ఆమె వైపే తిరిగాయి. రామగిరిలో కూతురింటికి పోతూ యల్లక్క, "నీకూ ఒక పొద్దు వస్తాది. ఆ పొద్దు ఏ మొగం పెట్టుకొని పోతావో సూస్తా" అని శాపం పెట్టి బస్సెక్కింది.

మిగతావన్నీ దులిపేసుకుంది గానీ, ఆ మాట మాత్రం దీవెనమ్మను వదల్లేదు. చేసినదానికి ఆమెకు పశ్చాత్తాపం లేదు. కానీ తనే ఆ మంచం మీద పడుంటే? ఆ పెద్దమనుషులు ఎవర్ని ముందుకు లాగి నిలబెడతారు? ఒక్క మాట అనేయమని ఎవరి నోటివైపు చూస్తారు?

ఒక సాయంత్రం చపాతీలు కాలుస్తూ కూతుర్ని పిలిచింది.

"యామినీ, నాకేమన్నా అయితే, నీతో ఎవరూ ఏం చెప్పించకూడదు. నా మీద నీకు కోపముంటే ఇప్పుడే చెప్పు. నేను బాగుండంగానే."

అట్లాంటిదేం లేదులేమ్మా అంటుందనుకుంది. యామిని పిండి ముద్ద కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"ఉండాది మా" అంది. "నాయన కొట్టినప్పుడల్లా నన్ను పక్కింట్లో తోసి తలుపేసుకుంటాంటివి. ఒక్కసారి కూడా నన్నెత్తుకొని ఈ ఇల్లిడిసి ఎందుకు పోలేదు?"

చెప్పుకోవడానికి దీవెనమ్మ దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. స్టవ్ ఆపేసి, కూతురికి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఇంగా చెప్పు" అంది.