కంబళిపూల మడిలో నీడ

ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఇంద్రాణి వాళ్ళ క్వార్టర్ కింది అంతస్తులో ఉంది. వాకిలి పడమటికి. తెల్లారి ఐదున్నరకి నీళ్ళొస్తాయి, ఆరింటికి పాలు, ఏడుంపావుకి సహస్ర స్కూలు బస్సు. బస్సు మలుపు తిరిగాక ఇంద్రాణి బకెట్టు పట్టుకుని వాకిలి ముందున్న మడి దగ్గరికొచ్చేది.

మంచమంత మడి. దాన్నిండా ఒకే రకం పూలు. మధ్యలో ఇటికె ఎరుపు, రేకుల కొసలకి పసుపు. విత్తనాలమ్మిన నర్సరీవాడు వాటి పేరు నవరంగా అన్నాడు. పొట్లం మీది ఇంగ్లీషు పేరు ఇంద్రాణి మొగుడు హేమసుందర్ కూడబలుక్కుని చదివి, "కంబళి పువ్వంట. ఎండ ఎంత కాస్తే అంత పూస్తాదంట" అన్నాడు. అతనిది పలాస దగ్గర ఊరు, సైన్యంలో నాయక్. ఇంద్రాణికి సొంత మేనబావ. అక్టోబరులో విత్తనాలు చల్లాడు, నవంబరులో నారు పీకి వరసలు పెట్టాడు. మొదటి పూలు విచ్చుకున్న ఫిబ్రవరిలోనే లేహ్‌కి అవతల మంచుకొండల్లోని పోస్టుకి వెళ్ళమని ఆర్డరొచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున పది గంటలకి, యూనిఫాం వేసుకుని కూడా మడి దగ్గర గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాడు. ట్రక్కు హారన్ కొట్టింది. చేతులు దులుపుకుని పెట్టె ఎత్తుకుని పరిగెత్తాడు. నీడ మాత్రం లేవలేదు. ట్రక్కు వెళ్ళిపోయాక ఇంద్రాణి చూస్తే, మూలనున్న మొక్క మొదట్లో కాళ్ళు పెట్టుకుని అది అలాగే కూర్చుని ఉంది.

పై అంతస్తు అరుంధతి బాల్కనీలోంచి వంగి చూసింది. ఆమెది కర్నూలు. ఆమె భర్త నరసింహులు కూడా ఆ పోస్టులోనే హవల్దారు.

"నీడ మర్చిపోయినాడా మీ ఆయన? మా ఆయన ఒకసారి గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద వదిలేసి పోయినాడు. రెండ్రోజులకి దానంతట అదే వచ్చిందిలే."

ఇది వెళ్ళలేదు. పదిహేను రోజులకి హేమసుందర్ ఫోన్ చేశాడు. అక్కడ మొబైల్ అందదు. ఒకే ఒక్క ఫోను, దాని ముందు వరస.

"ఇందూ, నా నీడ అక్కడే ఉండిపోయినట్టుంది. మంచు మీద అందరికీ పడతంది, నాకే లేదు. ఎవరైనా ఇటొస్తుంటే పంపించు."

ఇంద్రాణి కిటికీలోంచి చూసింది. నీడ ఇంటివైపు తల తిప్పుకుని ఉంది.

"ఉండనీ బావా. నీకక్కడ దాంతో ఏటి పని?"

అతను నవ్వాడు. "నిజమేలే. లేకపోతే నడక కూడా తేలిగ్గానే ఉంది."

అలా ఉండిపోయింది. పొద్దుటి పూట రోడ్డు వైపు పడేది. మధ్యాహ్నానికి మొక్క కిందకి ముడుచుకునేది. పొద్దు వాలేకొద్దీ ఇంటివైపు సాగి, సాయంత్రం ఆరింటికి తల గడపకి ఆనేది. ఆ వేళకి ఇంద్రాణి గడప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూనో బఠానీలు ఒలుస్తూనో రోజంతా జరిగింది చెప్పేది. సహస్రకి ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ హిందీలోనే జవాబిస్తుంది. డ్రాయింగు పుస్తకం తెచ్చి ఆ తల పక్కన పరిచి, "పాపా, దేఖో" అని నాన్నకి చూపించేది. నీడ పుస్తకం మీదికి వంగేది.

ఏప్రిల్‌లో అరుంధతి అడిగిందని ఇంద్రాణి ఒక మొక్క తవ్వి ఇచ్చింది. మర్నాడు నీడకి ఎడమ చెయ్యి లేదు. అది అరుంధతి బాల్కనీ గోడ మీద కనిపించింది.

"వేర్లతో పాటు పోతాది కామోసు, దీదీ," అంది ఇంద్రాణి.

"తీసుకుపో తల్లీ, నాకు బంతిమొక్కలున్నాయి," అని అరుంధతి కుండీ కిందికి దింపేసింది. మొక్కని మళ్ళీ మడిలో నాటాక నీడకి చెయ్యి తిరిగొచ్చింది.

జూన్ వచ్చింది. కాలనీలో తలుపులన్నీ మూసి కూలర్లు పెట్టుకుంటే ఇంద్రాణి చెంగు తలమీద కప్పుకుని మడి గట్టునే కూర్చునేది. మిగతా వాళ్ళ గులాబీలు మాడిపోయాయి. ఈ పూలు మాత్రం ఎండని తాగినట్టు పూసేవి. ఆమెకి ఎండంటే భయం లేదు, మబ్బంటేనే భయం. దుమ్ము లేచి ఆకాశం మూసుకుపోయిన రోజు మడి ఖాళీ. ఆ రోజు అన్నం కూడా సరిగా సయించేది కాదు.

ఇంత దగ్గరగా నీడ ఉండటంతో ఫోన్లు తగ్గిన సంగతి ఆమె పట్టించుకోలేదు. మొదట నాలుగు రోజులకొకటి, తర్వాత పది రోజులకి, ఆ తర్వాత మూడు వారాలకి. సహస్రకి జ్వరం వచ్చి మూడు రోజులున్న సంగతి చెబితే, "తగ్గింది కదా? సరే. ఇక్కడ వాలీబాల్‌లో మా జట్టే గెలిచింది" అన్నాడు. ఆ మూడు రోజులూ నీడ సాయంత్రం గడప దగ్గర ఆగలేదు. గోడ మీదికి పాకి, పిల్ల పడుకున్న గది కిటికీ కమ్మీని పట్టుకుని, పొద్దు గుంకేదాకా అలాగే ఉంది.

నెలాఖరులో నరసింహులు సెలవు మీద వచ్చాడు. రెండో రోజు కిందికి దిగి, కుర్చీలో కూర్చుని, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఆయన బాగున్నాడా అన్నయ్యా?" అని ఇంద్రాణే అడిగింది.

"బాగున్నాడు చెల్లెమ్మా. అదే నాకు నచ్చలా. చలి లేదు వాడికి, నీరసం లేదు. ఇళ్ళనుంచి ఉత్తరాలొచ్చిన రోజు మేమంతా తలా ఒక మూల చేరతాం. వాడు నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని క్యారమ్స్ ఆడదాం రమ్మంటాడు. సాయంత్రానికి ఆ చొక్కా ఉతుక్కి ఏసేస్తాడు."

"ఉత్తరం తియ్యకుండానా?"

"తియ్యకుండానే. ఇంకో మాట. ఇంకా రెండేళ్ళు అక్కడే ఉంటానని పేరిచ్చినాడు. ఆగస్టులో జాబితా పైకి పోతుంది. నీకు చెప్పినాడో లేదో."

చెప్పలేదు. దాచిపెట్టడానికి కూడా కాదు, చెప్పాలని తోచి ఉండదు.

మర్నాడు మడి గట్టున కూర్చుని నీడతో అంది: "నామీద బెంగ పెట్టుకున్నది నువ్వొక్కడివేనా? అంతా ఇక్కడే వదిలేసి ఎల్లిపోయాడా? పంపించమన్నాడు. నేనే ఉంచేసుకున్నాను."

నీడ తల వంచుకుంది. చెయ్యి నేలమీద పాకుతూ వచ్చి ఆమె పాదం మీద ఆగింది. చల్లగా ఉంది. ఆ ఎండలో, ఆ చల్లదనం కోసమే ఆమె నాలుగు నెలలుగా బతికింది. పాదం తియ్యలేక చాలాసేపు అలాగే కూర్చుంది.

నరసింహులు తిరుగు ప్రయాణం జూలై మూడో వారంలో. ఆ పొద్దున ఇంద్రాణి పైకెళ్ళి అడిగింది, "ఒక మొక్క తీసుకెళ్తావా అన్నయ్యా?"

నీడ సంగతి అరుంధతి అతనికి ముందే చెప్పింది. "తీసుకుపోతా. రెండు నెలలు బాగా ఎండుంటుంది అక్కడ. కాళ్ళ దగ్గరే పెట్టుకుంటా."

రెండు రోజుల వాన తర్వాత ఆకాశం తెరిపిచ్చింది. నడిమధ్యాహ్నం, నీడ మొక్క కిందకి పూర్తిగా ముడుచుకున్న వేళ చూసి, ఇంద్రాణి గునపం తీసింది. మూలనున్న మొక్క చుట్టూ జానెడు వదిలి తవ్వింది. వేరు తెగకుండా, మట్టి రాలకుండా గడ్డని రెండు చేతులా లేవనెత్తి ఖాళీ పెయింటు డబ్బాలో దించింది. పిల్లని ఎత్తుకున్నంత బరువుగా ఉంది.

నాన్నని పంపొద్దని సహస్ర డబ్బాని వాటేసుకుంది. "పాపా కో మత్ భేజో, అమ్మా."

"రావడానికే పంపిస్తున్నానమ్మా."

"నహీ ఆయే తో?"

రాకపోతే అని పిల్ల అడుగుతుండగానే ఇంద్రాణి డబ్బా నోటికి తడిగుడ్డ కట్టి, పిల్ల చేతులు మెల్లగా విడదీసింది.

ఆ తర్వాత ఎండ కాసిన రోజులు కష్టంగా గడిచాయి. మిగిలిన మొక్కలు ఎప్పటిలాగే పూశాయి. వాటి కింద వాటి నీడలే ఉండేవి, పావలా బిళ్ళలంత. సాయంత్రం ఆరింటికి ఇంద్రాణి తలుపు దగ్గరగా వేసి లోపల కూర్చునేది. అరుంధతి రోజూ ఏదో వంకతో వచ్చి ఓ గంట ఉండి వెళ్ళేది. ఆగస్టు మొదటి వారం గడిచింది. ఫోను రాలేదు. జాబితా వెళ్ళిపోయి ఉంటుందని ఇంద్రాణి మనసులో స్థిరం చేసుకుంది.

ఒక బుధవారం పదకొండింటికి ఫోన్ మోగింది. అతను చేసే వేళ కాదది.

"బావా?"

అవతల గాలి హోరు, ఎవరో దగ్గిన చప్పుడు. ఇంద్రాణి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇందూ," అన్నాడు చివరికి. గొంతు అతనిదిలా లేదు. "సహస్రకి ముందు పన్ను ఊడిందా?"

"రెండు ఊడాయి."

"రెండా. జ్వరం వచ్చింది కదా దానికి. మూడ్రోజులు. నువ్వు చెప్తే నేనేటన్నాను? వాలీబాల్ అన్నాను."

"పోనీలే బావా."

"పొద్దున్నే లేస్తే గుండెమీద రాయి పెట్టినట్టుంది. ముద్ద దిగట్లేదు. నీ ఉత్తరాల్లో ఉతికిన చొక్కాల్లో పోయినవి పోగా నాలుగు మిగిలాయి, అయ్యే చదువుతున్నాను. ఎందుకు పంపావే దాన్ని? సుఖంగా ఉండేవాణ్ణి కదా ఇక్కడ."

"తెలుసు బావా. తెలిసే పంపాను."

అతను ఏడుస్తున్నాడని ఆమెకి తెలిసింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

"జాబితా పోయిందా?" అని అడిగింది.

"నిన్న పోయింది. మొన్ననే సాబ్ దగ్గరికెళ్ళి నా పేరు కొట్టించేశాను. నవంబరులో వచ్చేస్తాను."

ఫోను పెట్టెయ్యాలని ఇద్దరికీ లేదు. అతని వెనక వరసలో మనుషులు అటు ఇటు కదులుతున్న బూట్ల చప్పుడు ఆమెకి వినిపిస్తూనే ఉంది. వరసలో వాళ్ళు చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఒక్కరూ తొందరపెట్టలేదు.