పసుపుదారం చెంచా

ఏడో చుక్క థిన్నర్ పడగానే రాఘవేంద్రన్ చెయ్యి ఆపేశాడు. సీసాలోంచి మీగడలా దిగిన పచ్చరంగును పుల్లతో కలిపి, గాజు కప్పును ఒకసారి వంచి చూశాడు. అంచుదాకా ఎక్కిన రంగు పాలలా జారి, వెనకాల సన్నటి పొర వదిలింది. అంతే, చాలు! ఇంకో చుక్క పడితే బొమ్మ మీద నిలవదు, సాలీడు కాళ్లలా నలుదిక్కులా పరుగెడుతుంది. ఒక చుక్క తగ్గితే, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ముక్కు దిబ్బడేసి తుంపర్లు ఉమ్ముతుంది.

కోవిల్‌పట్టిలో బొమ్మబస్సులు చేసే షెడ్డు అది. ముప్ఫై ఏళ్లు నిజం బస్సులకు రంగు కొట్టినవాడు, మోకాళ్లు మొరాయించాక ఈ మూరెడు బస్సుల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పెళ్లీ పెటాకులూ లేవు. షెడ్డులో అందరితోనూ తమిళమే. నోరారా తెలుగు మాట్లాడాలంటే ఆదివారం విరుదునగర్ వెళ్లాలి. అక్కడ అక్క చిన్నతాయి ఉంది. భర్త పోయాక ఆవిడా ఒంటిగత్తే.

నాలుగు నెలల కిందట ఆవిడ ఒక కోరిక కోరింది. పెళ్లయి అత్తవారింటికి ఎక్కి వెళ్లిన పచ్చబస్సు బొమ్మ చేసిపెట్టమని. ఫొటో లేదు, ఏమీ లేదు. ఆ పచ్చ ఆవిడ కళ్లలోనే ఉంది. అందుకని వారం వారం ఒక పచ్చ కలిపి, ప్లాస్టిక్ చెంచా వీపు మీద కొట్టి, ఆరాక జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. ఆవిడ కిటికీ దగ్గర పట్టి చూసేది.

"ఇది కాదురా. ఆ పచ్చ ఇంకా లేతగా ఉండె. వచ్చే వారం ఇంకోటి ఎత్తుకోని రా."

పదిహేను చెంచాలయ్యాయి! పుట్టినప్పటినుంచీ ఇంతే, పట్టిన పట్టు విడవదు మహాతల్లి.

ఈసారి తెలుపు కాస్త ఎక్కువ కలిపాడు. మూడు పలచటి పూతలు కొట్టాడు, పూత పూతకూ ఆరబెట్టి. చెంచాను వెలుగులో తిప్పి చూసుకుంటే ప్రాణం లేచివచ్చింది. దీన్ని కూడా కాదంటే ఊరుకునేది లేదు. రేపటిదాకా ఆగలేక, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తూ ఫోన్ చేశాడు.

"అక్కా, పట్టేసినానే!"

ఫోన్ ఎత్తింది పక్కింటి అంగమ్మాళ్. తమిళంలో, మెల్లగా చెప్పింది. పొద్దున కాఫీ తాగి కాసేపు పడుకుంటానందట. మళ్లీ లేవలేదు.

అతను అన్నం డబ్బా మూసేశాడు. తర్వాత లేచి, ఎయిర్‌బ్రష్‌లో థిన్నర్ పోసి, తేటగా వచ్చేదాకా ఊది కడిగాడు. రంగుతో వదిలేస్తే ముక్కు పూడుకుపోతుంది. చేతులకు ఆ పని ఎవరూ చెప్పనక్కర్లేదు. చెంచా జేబులో వేసుకుని బస్సెక్కాడు.

సాయంత్రం అంతా అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లాక, అంగమ్మాళ్ ఒక బిస్కట్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అందులో పదిహేను చెంచాలు. ఒకదానికి పసుపుదారం చుట్టి ఉంది.

"నువ్వు మొదటిసారి తెచ్చినదే ఆ పచ్చ. చూసి ఏడ్చేసింది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చెప్తే బస్సు చేసిచ్చేస్తాడు, ఆ తర్వాత వారం వారం ఎందుకు వస్తాడు అనింది."

రాఘవేంద్రన్‌కు దుఃఖం ముంచుకొచ్చింది.

"బస్సు అయిపోతే రానా అక్కా నేను?"

తెలుగులో అడిగాడు. అంగమ్మాళ్‌కు అర్థం కాలేదు. ఊరికే తల ఊపింది.

జేబులోని చెంచా తీసి, పసుపుదారం చెంచా పక్కన, అక్క ఎప్పుడూ పట్టి చూసే కిటికీ గట్టు మీద పెట్టాడు. ఇంకా థిన్నర్ వాసన పోలేదు దానికి.