రొయ్య పెంకులో బియ్యం అతుకు

వీరదుర్గ మా ల్యాబ్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పుడే మా గైడ్ రాజరత్నం సార్ నోట రోజూ ఆ పేరే. నేను నాలుగేళ్లుగా ఇక్కడే, భీమవరం కాలేజీ రెండో అంతస్తులో, బియ్యంలోని పిండి పదార్థం నీళ్లలో ఎలా మెలితిరుగుతుందో కంప్యూటర్‌లో చూస్తూ కళ్లు పోగొట్టుకుంటున్నాను. నాకు దక్కింది "బాగుందమ్మా" ఒక్కటే. ఆ పిల్లకు మాత్రం "అద్భుతం". కడుపు మండదా? మండింది. దాచుకోను.

పైగా సార్ ప్రాజెక్టులో మూడేళ్ల ఉద్యోగం ఒక్కటే ఉంది. మా ఇద్దరిలో అది ఎవరికన్నది సోమవారం సెమినార్‌లో తేలుతుంది.

వీరదుర్గది ఉప్పాడ, చేపలు పట్టే ఇల్లు. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ మీద పని చేస్తోంది. శుక్రవారం సాయంత్రం నన్ను పిలిచింది.

"హేమక్కా, ఒక్కసారి నా మోడల్ చూసి పెట్టరా? మీరు చూస్తే నాకు ధైర్యమండి."

కూర్చున్నాను. తెర మీద ఆమె కట్టిన కైటోసాన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుని తిరుగుతోంది. అందంగా ఉంది. చూసినకొద్దీ ఒళ్లు మండింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. రొయ్య పెంకు ఇంత సులువుగా చుట్టుకోదే! బియ్యంలోనైనా పెంకులోనైనా ఉంగరాల్లాంటి చక్కెర అణువులే గొలుసుగా ఉంటాయి. తేడా అంతా ఉంగరానికీ ఉంగరానికీ మధ్య అతుకులో. బియ్యం అతుకు గొలుసును వంచుతుంది, పెంకు అతుకు నిటారుగా నిలబెడుతుంది. ఇక్కడున్నవన్నీ బియ్యం అతుకులే. మా ల్యాబ్‌లో కొత్తవాళ్లు ఏదీ మొదటి నుంచి కట్టరు, సీనియర్ ఫైలు కాపీ చేసి మార్చుకుంటారు. ఈ పిల్ల నా ఫైలు తీసుకుని ఉంగరాలు మార్చింది, అతుకులు మరిచిపోయింది.

సరిచేయడానికి పది నిమిషాలు. మళ్లీ నడపడానికి రెండు రోజులు. సోమవారానికి అందుతుంది. నేను నోరు తెరిస్తే చాలు.

"బాగుంది దుర్గా," అన్నాను. ఇంటికి వెళ్లి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సోమవారం విశాఖపట్నం నుంచి పరీక్షకురాలిగా వచ్చిన శ్యామలాంబ గారు మూడో స్లైడ్ దగ్గరే ఆపేశారు.

"ఏంటమ్మా ఇది? పెంకు ఇలా మెలితిరిగితే రొయ్య ఒంటి మీద నిలుస్తుందా? అతుకులు చూసుకున్నావా?"

వీరదుర్గ తెర వైపు తిరిగి అతుకులను దగ్గరగా చూసింది. "తప్పేనండి. బియ్యం ఫైలులోవి అలాగే వదిలేశానండి."

నా గుండె గంతులేసింది. ఉద్యోగం ఇక నాదే.

"మీ ల్యాబ్‌లో ఎవరూ చూడలేదా?" అని ఆవిడ అడిగారు. సార్ నా వైపు తిరిగారు.

"హేమశ్రీ, నువ్వేమైనా చూశావా?"

"లేదండి. నా థీసిస్ పనిలో ఉన్నానండి."

"అయ్యో, చూశారండి!" వీరదుర్గ కంగారుగా నాకు వత్తాసు పలికింది. "శుక్రవారం తన పని మానుకుని గంటసేపు నా మోడలే చూశారండి. అక్కని ఏమీ అనకండి. తెలిస్తే చెప్పకుండా ఉండే మనిషి కాదండి."

ఆ అతుకు గురించి నాకు నేర్పింది రాజరత్నం సారే. చూడగానే పట్టేస్తానని ఆయనకు తెలుసు.

"గంటసేపా?" అన్నారు.