మిద్దె తాళంచెవి

వాన మొదలైతే అమ్మ మంచం దిగదు. నిరుడు ఊళ్లో పదో తరగతి ముగించి సూరత్ వచ్చేదాకా నాకీ సంగతి తెలియదు.

"వాన రాంగనే మీ అమ్మ మగ్గం బంద్," అంటాడు నాన్న, మగ్గాల మిల్లులో రాత్రి పాళీ చేసి వచ్చి చెప్పులు విడుస్తూ. నవ్వడు. కిటికీకి కట్టిన ప్లాస్టిక్ పట్టా సరిచేసి పడుకుంటాడు. అమ్మ ఇంట్లోనే సేటు చీరలకు రాళ్లు అతికిస్తుంది. తడి తగిలితే జిగురు పట్టదు, చీర వెనక్కి వస్తుంది. అందుకే వానాకాలమంతా కిటికీ తెరవరు. పగలూ ట్యూబులైటే.

ఈసారి రాళ్లు నేనే అతికిస్తున్నాను, వంట కూడా నేనే. అమ్మ గోడవైపు తిరిగి ఉంటుంది. ఒకరోజు, "నన్ను ఇడిసిపెట్టి మీరు ఊరికి పోండ్రి," అంది. అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది.

పాండేసరాలో ఆదివారాలు ఫీజు లేకుండా చూసే అమూల్య డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఒంటికి ఎండ తగులుతుందా అని అన్నీ అడిగిందామె.

"ఎండ ఏడిది డాక్టరమ్మా? కిటికీ తీస్తే చీరలు ఖరాబైతయ్," అంది అమ్మ.

"చీరలు బాగానే ఉన్నాయమ్మా, మీరే పాడైపోతున్నారు."

రక్తపరీక్షలో డి విటమిన్ బాగా తక్కువని తేలింది. దానికి మందు రాసింది. మబ్బు పట్టినా సరే పొద్దున్నే వెలుతురులో కూర్చోవాలంది. చాయ్ తగ్గించి గుడ్లు, పల్లీలు తినమంది. "వారం వారం రండి. దీనితో తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి నేనే పంపిస్తాను. చావాలనిపిస్తే మాత్రం ఆదివారం దాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి."

వెలుతురంటే మిద్దె మీద మూడు పక్కలా తెరిచి ఉన్న రేకుల షెడ్డే. మిద్దె తలుపు తాళంచెవి ఇంటి యజమానురాలి దగ్గర ఉంటుంది. నాకు హిందీ సరిగా రాదు. ఆమె గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను. మళ్లీ వెళ్తే ఆమే తలుపు తీసి, దొంగలా నిలబడ్డావేమని హిందీలో అడిగింది.

"మమ్మీ బీమార్. ఛత్... చాబీ," అన్నాను. అమ్మకు జబ్బు, మిద్దె తాళంచెవి కావాలి అని చెప్పడానికి నాకు వచ్చిన హిందీ అంతే.

ఆమె నన్నొకసారి చూసి, మేకుకున్న తాళంచెవి తీసి ఇచ్చింది.

అప్పటినుంచి రోజూ అమ్మను చెయ్యి పట్టి మెట్లెక్కిస్తున్నాను. అక్కడా గోడవైపే తిరిగి, "అయిపోయిందా? పోదామా?" అంటుంది.

ఈరోజు నాకు లేవబుద్ధి కాలేదు. ఒక్క పూటే కదా అని కళ్లు మూసుకున్నాను. ఎవరో దుప్పటి లాగారు.

"చెవి ఏడ పెట్టినవే?"

అమ్మ చాప చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"నిద్రొస్తుందమ్మా."

"మీదికొచ్చి పండుకో. నేను కూసుంట."