ఉంచు, అమ్ము మధ్య ఒక లక్క చిలక

నేను ఒక లక్క చిలకను. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో పుట్టాను. ఒక ముసలాయన నన్ను మర మీద గిరగిరా తిప్పుతూ ఆకుపచ్చ లక్క అద్దాడు. ఆ తిరుగుడుకు పట్టిన తల తిక్క ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. తరవాత నేను చేసిన పనులకు అదే కారణమేమో.

నూకరత్నం గారి సూట్‌కేసులో కెనడా వచ్చాను. రెజైనా ఊళ్లో పెట్టె తెరిచేసరికి నా కాళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పారేయడానికి ఆవిడకు మనసొప్పలేదు. పాత అలమారా తలుపు నుంచి ఊడిన చిన్న అయస్కాంతం నా వీపుకు అంటించి, ఫ్రిజ్‌కు తగిలించింది. ఆ అయస్కాంతం నా బరువుకు చాలదు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలిసింది. ఆవిడ భర్త పైడిరాజు గారికి తెలియడానికి పధ్నాలుగేళ్లు పట్టింది.

పైడిరాజు గారు అక్కడి బడిలో లెక్కల మాస్టారు. దాచుకున్న డబ్బుతో భార్యాభర్తలిద్దరూ కెనడా కంపెనీల షేర్లు కొనేవారు. మాస్టారు కంపెనీల లాభనష్టాల కాగితాలు తెప్పించి, పెన్సిలుతో గీతలు గీస్తూ చదివేవారు. ఆవిడ పద్ధతి వేరు. రైలు గేటు దగ్గర కారు ఆగినప్పుడల్లా గోధుమలు మోసే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేది. ఒకరోజు నూట ముప్ఫై ఎనిమిది తేలాయి.

"ఇన్ని పెట్టెలు లాక్కెళ్లేవోడు మునిగిపోతాడేటండీ?" అంది.

ఆ రైలు కంపెనీ షేర్లు అలా వచ్చాయి.

కొనడం వరకు బాగానే ఉండేది. ఎప్పుడు అమ్మాలన్నదే గొడవ. ఒకరాత్రి ఆ వాదనలో పప్పుచారు చల్లారిపోయింది. మర్నాడే ఆవిడ ఒక నియమం పెట్టింది. షేర్ల మాట నోటితో ఎత్తకూడదు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, పైనుంచి కిందికి మూడు మాటలు రాసింది. కొను, ఉంచు, అమ్ము. ఏ కంపెనీ గురించో పక్కన రాయాలి. ఎవరికి ఏది తోస్తే ఆ మాట మీదికి నన్ను జరపాలి. వారం రోజుల్లో రెండోవాళ్లు కదపకపోతే ఒప్పుకున్నట్టే. చిలకను కాబట్టి జోస్యం నాకు తప్పలేదు.

అయితే తలుపు గట్టిగా వేస్తే నేను జారతాను. పైకి జారడం ఎవరివల్లా కాదు కదా. కిందికే జారతాను. కింద ఉన్నది 'అమ్ము'.

మొదట బంగారు గని షేరు విషయంలో 'ఉంచు' మీద నుంచి జారాను. ఆవిడే జరిపిందని మాస్టారు, మాస్టారే జరిపారని ఆవిడ అనుకున్నారు. ఒకరి తెలివి మీద ఒకరికి గౌరవం. అడగడానికి నియమం ఒప్పుకోదు. వారం ఆగి అమ్మేశారు. నెల తిరగకుండానే ఆ షేరు సగానికి పడింది. రెండోసారి ఒక బ్యాంకు షేరు. అమ్మిన మర్నాటి నుంచి అది పెరుగుతూనే పోయింది. ఇద్దరూ మనసులోనే క్షమించుకున్నారు. నా తీర్పుల్లో సగం ఒప్పు, సగం తప్పు. పేపర్లో రాసే నిపుణులదీ అంతేనని మాస్టారే ఒకసారి విసుక్కున్నారు.

ఆవిడ తమ్ముడు సన్యాసిరావు పేరుకే సన్యాసి. టాక్సీ నడుపుతూ రోజుకు ఇరవైసార్లు ధరలు చూస్తాడు. బంగారు గని గురించి బావ అక్కను పొగడడం, అక్క బావను పొగడడం విడివిడిగా విన్నాడు. "ఈ వయసులో ఈ సరసాలేటో" అని నా ముందే పెరుగన్నం తింటూ గొణిగాడు.

నిరుడు మార్చిలో ఆసుపత్రికి బయల్దేరుతూ ఆవిడ నా ముందు ఆగింది. నన్ను తీసి, నా వెనక ఏదో చేసి, రైలు కంపెనీకి ఎదురుగా 'ఉంచు' మీద అదిమింది. నా వీపు నాకు కనబడదు. మెత్తగా మాత్రం తగిలింది.

ఆవిడ తిరిగి రాలేదు. వెంట తీసుకెళ్లిన సంచీ వచ్చింది.

తరవాత పది నెలలు మాస్టారు ఆ తలుపు చప్పుడు కాకుండా తెరిచి, చప్పుడు కాకుండా మూశారు. నన్ను ముట్టుకోలేదు.

జనవరిలో రైలు షేరు పడడం మొదలైంది. వర్షాలు లేక గోధుమ పంట పోయిందని, పెట్టెలు ఖాళీగా తిరుగుతున్నాయని వార్త. మాస్టారి పొదుపులో మూడొంతులు ఆ షేరులోనే ఉంది. పింఛను చిన్నది. సన్యాసిరావు మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"అమ్మీ బావా. ఇయ్యాలే అమ్మీ."

"లెక్క ప్రకారం అమ్మాలనే ఉందిరా" అన్నారు మాస్టారు. "కానీ మీ అక్క ఉంచమంది."

"అక్క సెప్పిన్నాడు ధరెంత, ఇప్పుడెంత? అలా ఒట్టుకుని కూకుంటే ముసలితనంలో ఏటి తింటావు?"

చిరాకుగా పెరుగు గిన్నె తీసి, ఫ్రిజ్ తలుపు ధన్‌మని వేశాడు. నేను జారాను. తిన్నగా 'అమ్ము' మీదికి.

సన్యాసిరావు నోరు తెరిచాడు. "సూసేవా? అక్కే సెప్పేసింది."

మాస్టారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. "వారం ఆగాలి" అన్నారు మెల్లగా. "అది నియమం."

"ఇప్పుడు అడ్డు సెప్పడానికి ఎవులున్నారు బావా?" అనేసి, అన్నందుకు నాలిక కరుచుకున్నాడు.

మాస్టారు నేను జారివచ్చిన చోటు చూస్తున్నారు. 'ఉంచు' పక్కన కాగితానికి ఒక మఖమల్ బొట్టు బిళ్ల అతికి ఉంది. మెరూన్ రంగు, ఆవిడ పెట్టుకునేదే.

నన్ను తీసి ఆ బొట్టు మీద ఆనించి, తలుపు కాస్త గట్టిగా వేశారు. నిలబడ్డాను. ఉత్త కాగితం మీద పెట్టి అంతే గట్టిగా వేశారు. జారాను. లెక్కల మాస్టారు కదా, మూడుసార్లు చేసి చూశారు.

"అయితే బంగారు గని?" అన్నాడు సన్యాసిరావు.

"చిలకే."

"బ్యాంకో?"

"అదీ చిలకేరా."

"మరి అక్కకి తెలుసా?"

"తెలిసింది కాబట్టే, ఈసారి జారకుండా పెట్టి వెళ్లింది."

మాస్టారు నవ్వారు. పది నెలల తరవాత ఆ వంటింట్లో వినబడిన మొదటి నవ్వు అది. కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఫోను జేబులో పెట్టేసి, బావమరిదికి పెరుగన్నం కలిపారు.

ఆ షేరు తరవాత పెరిగిందో పడిందో నాకు తెలియదు. నేనిప్పుడు కిటికీ గట్టున వెల్లకిలా పడుకుని మంచు చూస్తున్నాను. ఫ్రిజ్ మీద నా ఉద్యోగం బొట్టు బిళ్ల చేస్తోంది. మాస్టారు తలుపు ఎంత గట్టిగా వేసినా అది జారదు. ఈమధ్య ఆయన గట్టిగానే వేస్తున్నారు.