నన్ను తూచి కట్టిన స్ప్రింగులు

మా ఆయనకు కారు నడపడం కంటే కారు కింద పడుకోవడంలోనే సుఖం. కారు మా నాన్నది. రెండే సీట్లు, పైకప్పు లేదు, వయసులో నాకంటే పెద్దది. నాన్న పోయాక ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని మా ఆయన ఏటా ఆటోక్రాస్‌కు తోలుకుపోతాడు. ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టి, వాటి మధ్య వంకర్లు తిరుగుతూ ఎవరు త్వరగా వస్తారో చూసే పోటీ అది. కొన్నేళ్లుగా ఆఖరి స్థానం మా సొంతమైపోయింది.

"ఈసారీ ఇంతే అయితే ఈ డొక్కును అమ్మేస్తా," అన్నాడు. అందుకే నోరు మూసుకుని సాయానికి దిగాను.

రెండు వారాలు షెడ్డులో సస్పెన్షన్ సెట్టింగు, అంటే స్ప్రింగుల సర్దుబాటు. నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో చూసి, స్ప్రింగు కింది రింగును పావు చుట్టు అటో ఇటో తిప్పాలి. సీట్లో డ్రైవరు ఉండగానే తూచాలని పుస్తకంలో రాశారట. డ్రైవరుగారు కారు కింద ఉన్నారు కాబట్టి సీట్లో నన్ను కూలేశారు.

"నేను మీలో సగమే ఉంటాను కదండీ?" అన్నాను.

"మనిషంటే మనిషే. టెక్నికల్ విషయాలు నాకొదిలెయ్."

వదిలేశాను. ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలిచాను. ఆ గిన్నె కూడా తూకంలో కలిసే ఉంటుంది. చివరికి అంకెలు కుదిరాయి. ఆయన ఒళ్లంతా గ్రీజుతో, మొహం చాటంత చేసుకుని బయటికి వచ్చాడు.

పోటీలో మూడు రౌండ్లు, వాటిలో అన్నిటికంటే మంచిదే లెక్క. ఆయన ఎక్కగానే కారు ఒక పక్కకు ఒరిగింది. ఎడమ మలుపులో తిరగనని మొండికేసింది, కుడి మలుపులో వెనక భాగం జారిపోయింది. ఆరు కోన్‌లు పడ్డాయి. రెండో రౌండులో ఎనిమిది.

"దరిద్రపు కారు! రేపే అమ్మి పారేస్తా," అంటూ దిగి తలుపు ధడాలున వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కారునంటారేం? తూచింది నన్ను, ఎక్కింది మీరు. తప్పుకోండి!"

"నువ్వా? పోటీలోనా?"

ఆ కారులోనే నాన్న నాకు డ్రైవింగ్ నేర్పిన సంగతి ఈయనకు ఎన్నిసార్లు చెప్పానో! స్టాప్‌వాచ్ పట్టుకున్న పెద్దాయన మా గొడవ విని, "ఎవరు నడిపినా ఫర్వాలేదమ్మా, తొందరగా తేల్చుకోండి," అన్నాడు.

మొదటి మలుపు దాకా మెల్లగా పోనిచ్చాను. ఆ తర్వాత కారు నేను తిప్పిన చోటల్లా తిరిగింది. ఒక్క కోన్ పడలేదు. గీత దాటాక హెల్మెట్ లోపలే ఏడ్చేశాను. నాలుగో స్థానం వచ్చింది.

నేను దిగేసరికి మా ఆయన చుట్టూ పదిమంది మూగారు. "అంతా సెట్టింగులోనే ఉందండీ. మొదట్నించీ మా ఆవిడ బరువుకే కట్టాను," అని చేతులు ఊపుతూ చెబుతున్నాడు. అమ్మకం మాట మాత్రం ఎత్తలేదు.

జనం పలచబడ్డాక నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వు. ఇంటికి నేను నడుపుతా."

"పక్క సీట్లో కూర్చోండి," అని స్టార్ట్ చేశాను.