పెరటి పుంజుకు ఎదురు కాయరాదు

పాపయ్య గారు అబద్ధాలాడతారని ఊళ్లో ఎవరూ అనరు. ఆయన మాటల్లో నిజం కాస్త పల్చగా ఉంటుందని మాత్రం అంటారు. వాళ్ల నాన్న రాఘవులు గారి డేగపుంజు భీమవరంలో కూత పెడితే పాలకొల్లులో పెట్టలు గుడ్లు పెట్టేసేవని ఆయన నోట విన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అలాంటి పాపయ్య గారు రెండువేల ఎనిమిది డిసెంబరు నెలాఖరులో మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో కొడుకు రవిశంకర్ ఇంట మంకీ టోపీ పెట్టుకుని, కోడలి పురుడు కోసం భార్య రత్నంతో పాటు ఎదురుచూస్తున్నారు. ఖాళీగా ఎదురుచూడటం లేదు, వియ్యంకుడితో పోట్లాడుతూ చూస్తున్నారు.

వియ్యంకుడు విశ్వనాథం గారు కూడా కూతురి పురుడుకని ఇక్కడే దిగారు. హనుమకొండ కాలేజీలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఇడ్లీ తినేముందు కూడా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటారు. పుట్టబోయేది మగపిల్లాడని డాక్టరమ్మ చెప్పేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోగా కాగితం మీద పేరు రాసివ్వాలట. పోట్లాట అంతా ఆ పేరు గురించే.

"మగపిల్లాడికి తాతముత్తాతల పేరు పెట్టడం మా వంశాచారమండి బావగారూ. రాఘవులు. అంతే, ఇంక మాటల్లేవు" అన్నారు పాపయ్య గారు.

"మీ కొడుకుకు పెట్టలే కదా ఆ ఆచారం? రవిశంకర్ అని పెట్టుకున్నరు. మా బాపు పేరు దామోదర్. ఈ దేశపోళ్ల నోరు తిరుగుతది. డామ్ అని పిలుచుకుంటరు."

"డామ్ ఏంటండి, ఆనకట్టలాగా!"

పైకి వేళాకోళమాడారు గానీ ఆ మాట పాపయ్య గారికి సూదిలా దిగింది. కొడుకు పుట్టినప్పుడు రత్నం రేడియోలో ఎవరి పేరో విని ముచ్చటపడి రవిశంకర్ అంటే, ఈయన తండ్రి పేరు పక్కనపెట్టి తలూపేశారు. రాఘవులు గారు ఉయ్యాల దగ్గరికొచ్చి విని, "మంచి పేరేరా" అని, కోళ్లకు చోళ్లు వెయ్యడానికి పెరట్లోకి వెళ్లిపోయారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ 'మంచి పేరే' ముప్పై రెండేళ్లుగా పాపయ్య గారి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఈ మనవడితోనైనా అది దిగాలి. ఆ తరవాత ఇక ఛాన్సు లేదు. ఒక్కరితో సరి అని కోడలు ముందే చెప్పేసింది.

ఆ కోడలు స్రవంతి ఇక్కడే చదివి, ఇక్కడే కార్ల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఈ ఊరి పిచ్చే పట్టించుకున్న పిల్ల. డెట్రాయిట్ లయన్స్ అనే ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. తొమ్మిదో నెల పొట్ట మీద ఆ జట్టు నీలం చొక్కానే సాగదీసి వేసుకుని తిరుగుతుంది. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెడితే మిగతావాళ్లు పొట్టేళ్లలా కుమ్మి పడేసే ఆట. ఆ లయన్స్ ఆ ఏడాది పదిహేను ఆటలాడి పదిహేనూ ఓడిపోయారు. ఆదివారం నాటి ఆఖరిది కూడా ఓడితే పదహారుకి పదహారూ ఓడిన మొట్టమొదటి జట్టుగా ఆ లీగులో పేరు నిలబడిపోతుంది.

శనివారం మధ్యాహ్నం వియ్యంకులిద్దరూ డామ్ అనే పేరు దగ్గర తెగ తిట్టుకుంటుంటే స్రవంతి పొట్ట పట్టుకుని వచ్చి సోఫాలో కూలబడింది.

"చాలు ఇంక! మామయ్యా, బాపూ, ఇద్దరూ వినండి. రేపు సండే మొత్తం పదహారు గేములున్నయి. ఎవరు గెలుస్తరో చెరో పేపరు మీద రాసి నాకివ్వండి. ఎవరికి ఎక్కువ కరెక్ట్ అయితే వాళ్లు పేరు పెట్టుకోండి. నా కొడుకు మీద ఒట్టు, నేను అడ్డం రాను."

"ఏమండీ, పసివాడి పేరు పందెంలో పెడతారా!" అని రత్నం వంటింట్లోంచి కేకేసింది. ఎవరూ వినిపించుకోలేదు. పందెం అనే మాట చెవిన పడ్డాక పాపయ్య గారికి ఇంకే మాటా వినపడదు.

రవిశంకర్ ఆటల పట్టీ రెండు కాపీలు ప్రింటు తీసి ఇచ్చాడు. విశ్వనాథం గారు పేపరు ముందేసుకుని, ఏ జట్టు ఎన్ని గెలిచింది, ఎన్ని ఓడింది చూసి కాలిక్యులేటరు నొక్కడం మొదలెట్టారు. "లెక్క లెక్కనే బావగారు. ఎక్కువ గెలిచినోడు మళ్ల గెలుస్తడు. ఇందుల శాస్త్రం ఉంది."

"మా దగ్గరా శాస్త్రం ఉందండి. కుక్కుట శాస్త్రం" అన్నారు పాపయ్య గారు మీసం దువ్వి. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో, డేగ మీద కాకి నెగ్గుతుందో కాకి మీద నెమలి నెగ్గుతుందో చెప్పే పందేలవాళ్ల పంచాంగమది. రాఘవులు గారికి నోటికి వచ్చు. కొడుక్కి సగం వచ్చు, మిగతా సగం కల్పించుకోవడం వచ్చు.

"అమ్మా స్రవంతీ, ఒక్కో జట్టు పేరు చదివి అర్థం చెప్పమ్మా."

"ఈగిల్స్. అంటే గద్ద, మామయ్యా."

"గద్దా! డేగ అనుకో. ఆదివారం డేగకి తిరుగులేదు. రాశాను."

"రావెన్స్. పెద్ద కాకి."

"అదీ రాశాను. అవతల ఎవడు?"

"జాగ్వార్స్. చిరుతపులి లాంటిది."

"పులి చెట్టెక్కితే కాకి ఎగిరిపోతుంది. కాకి చెట్టు దిగదు. ఇంక?"

"ఫాల్కన్స్, అదీ డేగ జాతే. కార్డినల్స్, ఎర్రపిట్ట. వాళ్లకి ఎదురు సీహాక్స్, సముద్రపు డేగ."

"పిట్టకీ పిట్టకీ పందెమా! అదీ అసలు ఆట." పాపయ్య గారు కళ్లు మూసుకున్నారు. "సముద్రపుది తడిసి ఉంటుంది. ఎర్రదే."

విశ్వనాథం గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "బావగారు, గవి నిజం పక్షులు కావు. మనుషులు. హెల్మెట్లు పెట్టుకుంటరు."

"మీవి మాత్రం నిజం అంకెలా అండి? నిరుటి చేనుకి గట్టు వేస్తున్నారు మీరు."

అలా సాగింది. ఉక్కు పనివాళ్ల జట్టుకి ఎదురు ఎవడున్నా ఉక్కే అన్నారు. దేశభక్తులనే జట్టుని కాదంటే కళ్లు పోతాయన్నారు. డాల్ఫిన్లకీ జెట్లకీ పోటీ అంటే, "చేప నీళ్లలోంచి రాదు, విమానం నీళ్లలో దిగితే మునుగుతుంది, చేపే" అన్నారు. బెంగాల్స్ అంటే బెంగాలీలనుకుని, చేపలు తినేవాళ్లు గట్టివాళ్లని వాళ్లకి రాశారు. అది బెంగాల్ పులని కోడలు చెప్పినా చెరపలేదు. సెయింట్స్ అంటే సాధువులని తెలిసి, సాధువుల మీద ఎదురు పందెం మహాపాపమని లెంపలు వేసుకుని వాళ్లకే రాశారు.

ఆఖరికి లయన్స్ దగ్గరికొచ్చేసరికి స్రవంతి గొంతు తగ్గింది. "లయన్స్ ఎట్ ప్యాకర్స్. ప్యాకర్స్ ఊళ్లో ఆట. ఇది మీ ఇష్టం." లేచి నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్లి, మంచు వైపు చూస్తూ పొట్ట నిమురుకుంది. "ఒక్కటంటే ఒక్కటి గెలిస్తే చాలురా, నువ్వు వచ్చేలోగా" అని లోపలివాడితో అంటోంది.

పాపయ్య గారు పెన్సిలు పట్టుకుని ఆలోచించారు. ఇందులో శాస్త్రం అక్కర్లేదు. పదిహేను పందేలు ఓడిన పుంజుని బరిలోకి ఎత్తుకురావడమే తప్పు. దాన్ని కూరకి పంపాలి. పదహారింటిలో కళ్లు మూసుకుని వచ్చే మార్కు ఇదొక్కటే. 'ప్యాకర్స్' అని రాసేశారు. రాఘవులు అనే పేరు మనవడి కాగితం మీద కనపడినంత పనైంది.

అప్పుడే రాఘవులు గారి మాట కూడా వినపడింది. పందెం నేర్పిన మొదటి రోజున చెప్పిన మాట: "ఎవరి పెరట్లో గింజలు తింటున్నావో ఆ పెరటి పుంజుకి ఎదురు కాయకురా. గెలిచినా ఆ డబ్బు అరగదు."

పాపయ్య గారు కోడలి వీపు వైపు చూశారు. నీలం చొక్కా మీద సింహం బొమ్మ. మూడు నెలలుగా ఆ పిల్ల ఇంట్లో తింటున్నారు. చూసి చూసి, ఎవరూ గమనించకుండా పెన్సిలు వెనక రబ్బరుతో రుద్ది, 'లయన్స్' అని రాసి, కాగితం నాలుగు మడతలు పెట్టి కోడలి చేతికిచ్చారు. తండ్రి మాట నిలబెట్టి తండ్రి పేరు పోగొట్టుకునే మొనగాడు భూప్రపంచం మీద తానొక్కడే అనుకున్నారు.

స్రవంతి రెండు కాగితాలూ పోపులపెట్టెలో పెట్టి మూత వేసింది.

ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు అందరూ చేరారు. లయన్స్ ఆట మొదలైంది. పచ్చ చొక్కాలవాళ్ల ఊళ్లో ఆట, చలికి ఆటగాళ్ల నోళ్లలోంచి పొగలు. సింహాలు ఒకసారి బంతి గీత దాటించేసరికి పాపయ్య గారు ఒక్క గెంతు గెంతారు.

"ఏమైంది మామయ్యా?"

"కాలు తిమ్మిరెక్కిందమ్మా."

చిత్రం, అవతల కుర్చీలోంచి విశ్వనాథం గారు కూడా లేచి నిలబడి ఉన్నారు.

"మీకేమైందండి బావగారూ?"

"నాకా? మంచినీళ్లకు లేచిన."

ఆయన చేతిలో నిండు గ్లాసు ఉంది.

సింహాలు పోరాడాయి గానీ ఓడిపోయాయి. పదహారుకి పదహారు. స్రవంతి అరచేత్తో కళ్లు తుడుచుకుని, "సీజన్ అయిపాయె" అంది. రత్నం గబగబా వేడి పాలు తెచ్చిచ్చి, "ఏడవకే తల్లీ, లోపలివాడికి ఎక్కిళ్లొస్తాయి" అంది. పాపయ్య గారు కోడలికి మొహం చూపించలేక టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం ఆటల్లో మాత్రం ఆయన పక్షులు రెక్కలు విప్పాయి. డేగ గెలిచింది. మధ్యాహ్నమే మరో డేగ గెలిచింది. కాకి గెలిచింది. ఎర్రపిట్ట తడిసిన పిట్టని పొడిచేసింది. ఒక్కోటి గెలిచినప్పుడల్లా పాపయ్య గారు "కొక్కొరొకో" అని కూత పెడుతుంటే, విశ్వనాథం గారు మాత్రం తన పెద్ద పెద్ద జట్లు వరసగా బోర్లాపడటం చూసి కాలిక్యులేటరు బ్యాటరీలు తీసి మళ్లీ వేసుకున్నారు.

రాత్రి ఆట ఒకటి మిగిలింది గానీ దానికి ఇద్దరూ గుర్రాల జట్టునే రాశామని ఒప్పుకున్నారు. దాంతో భోజనాల ముందే లెక్క చూద్దామన్నారు. స్రవంతి పోపులపెట్టె తెరిచింది. కాగితాలకి జీలకర్ర వాసన పట్టింది. ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వచ్చి, ఆగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"మామయ్యకి ఎనిమిది. బాపుకి ఎనిమిది."

"సమానమా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"సమానమే. కానీ ఇదేంది?" స్రవంతి కాగితం దీపం కిందికి ఎత్తిపట్టింది. "మామయ్యా, ఇక్కడ ప్యాకర్స్ అని రాసి చెరిపేసి లయన్స్ అని రాసిండ్రు. అది ఉంచితే తొమ్మిదయ్యేది. పేరు మీదే అయ్యేది."

పాపయ్య గారు టోపీ సర్దుకున్నారు. "చెయ్యి జారిందమ్మా. పెన్సిలు కొత్తది."

విశ్వనాథం గారు పకపకా నవ్వబోయారు. ఇంతలో స్రవంతి రెండో కాగితం ఎత్తింది. "మరి మీరేంది బాపూ? మీరూ లయన్స్‌కే రాసిండ్రు. మీ లెక్కల ప్రకారం గెలిచే ఛాన్స్ ఎంత?"

"సున్నా" అన్నారు విశ్వనాథం గారు నేల చూపులు చూస్తూ. "నా స్టూడెంట్ ఎవడన్న గిట్ల రాస్తే వానికి గూడ సున్నానే వేసేటోన్ని. కానీ బిడ్డ చొక్కా చూసుకుంట ఎట్ల రాయాలె బావగారు, మీరే చెప్పున్రి."

పాపయ్య గారు వియ్యంకుడి గ్లాసులో మంచినీళ్లు పోశారు.

స్రవంతి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండు కాగితాలూ పొట్ట మీద పెట్టుకుని, "మా సింహాలకు దేశంల దిక్కు లేదు, ఈ ఇంట్ల ఇద్దరున్నరు" అంది. "ఇద్దరికీ సమానమే కాబట్టి పేరు నేనే పెడతా. సగం మనిషి, సగం సింహం. నరసింహ."



"మా యాదగిరిగుట్ట సామి!" అన్నారు విశ్వనాథం గారు.

"మీదేంటండి, మా అంతర్వేది స్వామి!" అన్నారు పాపయ్య గారు.

"అయ్యో రాత, మళ్లీ మొదలు" అంది రత్నం.

స్రవంతి మామగారి వైపు తిరిగింది. "మీకు ఇష్టమేనా మామయ్యా? నిజం చెప్పండి."

రాఘవులు అనే నాలుగక్షరాలు పాపయ్య గారి నాలుక దాకా వచ్చి ఆగాయి. మింగి చూసుకున్నారు. ముల్లేమీ తగల్లేదు. "మంచి పేరేనమ్మా" అన్నారు. అన్నాక గానీ ఆ మాట ఎవరిదో గుర్తుకు రాలేదు. నాన్న కూడా ఆ రోజు ఉయ్యాల దగ్గర నిజంగానే మంచి పేరని అన్నాడేమో! కోళ్లకి ఆకలేసిందని పెరట్లోకి వెళ్లాడేమో!

ఆ ఊహ రావడంతో పాపయ్య గారికి ఒళ్లు తేలికై, నోరు స్వాధీనం తప్పింది.

"అసలు ఆ పేరు మా ఇంటిదేనండి బావగారూ. మా నాన్న ఆఖరి పుంజు పేరేంటనుకున్నారు? నరసింహం. అది బరిలోకి దిగితే అవతలి పుంజు కత్తి విప్పేసి దణ్ణం పెట్టేది."

"మూడు నెలలసంది ఎన్నడు చెప్పలే?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "దాని పేరు బుజ్జిగాడు కదండీ!" అంది రత్నం.

"అది ముద్దుపేరే" అన్నారు పాపయ్య గారు.